దశబంధం లేని చెరువులు

మా ఊరి పేరు చెప్తే బెంగుళూరు ఆఫీసులో ముందు నవ్వుతారు. "పెద్దతిప్పసముద్రమా? మీ వైపు సముద్రం ఎక్కడిది గురూ?" అని. అంత పొడుగు పేరు పలకలేక మేమే దాన్ని పీటీయం చేసేసుకున్నాం. మదనపల్లె పక్కన చిన్నతిప్పసముద్రం ఉంది, అది సీటీయం. అటు పుంగనూరు వైపు వెళ్తే రామసముద్రం. సముద్రానికి ఇంత దూరంలో ఇన్ని సముద్రాలేమిటా అనుకుంటున్నారా? ఇవన్నీ చెరువుల మీద వచ్చిన పేర్లండీ. వాన ఎప్పుడు పడుతుందో తెలీని నేలలో, పడిన నాలుగు చినుకుల్ని పట్టుకోడానికి కట్ట పోసి, నిండిన నీళ్ళని చూసి మురిసిపోయి పెట్టుకున్న పేర్లు.

ఈ చెరువుల గోల, నేను రాయబోయే సాఫ్టువేరు గోల ఒకటేనని నాకు మా చిన్నాయన సీడీ వల్ల తెలిసింది. కాబట్టి ముందు ఆ సంగతి.

మా చిన్నాయనకి మదనపల్లెలో చిన్న డీటీపీ సెంటరు ఉండేది. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, టమోటా మండీల బిల్లు పుస్తకాలు, ఇదీ వ్యాపారం. రాత్రి షాపు కట్టేసే ముందు ఒక గంట మాత్రం సొంత పని చేసుకునేవాడు. మా చుట్టుపక్కల ఊళ్ళ చెరువుల గురించి ముసలివాళ్ళని అడిగి నోటుపుస్తకంలో రాసుకున్నవన్నీ టైపు చెయ్యడం. ఏ కట్ట ఎవరు పోయించారు, ఏ తూముని ఏమని పిలుస్తారు, ఏ ఏడు గండి పడింది, ఎవరు పూడ్చారు... 1998 నించి 2006 దాకా టైపు చేశాడు. నూట నలభై పేజీలు. ఒకే ఒక్క ప్రింటు తీసి బీరువా మీద పెడితే దాన్ని చెదలు తినేశాయి. సీడీ మిగిలింది. ఆయన మాట్లాడిన ముసలివాళ్ళలో మాత్రం ఒక్కరూ మిగల్లేదు.

2019 సంక్రాంతికి ఊరెళ్తే ఆ సీడీ నా చేతిలో పెట్టి, "అబ్బోడా, నువ్వు కంప్యూటర్లోనే గదా పనిచేసేది. దీన్ని నా ఫోన్లో చదువుకునేట్టు చేసియ్యి" అన్నాడు. అదెంత పని చిన్నాయనా అన్నాను. తెరిచాను. తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. డాలరు గుర్తులు, నెత్తిన చుక్కలూ గీతలూ ఉన్న ఫ్రెంచి వాళ్ళ అక్షరాలు, మధ్యమధ్యలో ప్రశ్నార్థకాలు. ఆయన ఆ స్క్రీను వైపు చూసి ఏమీ అనలేదు. ఏదైనా అనుంటే బాగుండేది.

2000 ప్రాంతాల్లో ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని తెలుగు పేపరు చదివినవాళ్ళకి ఈ రోగం ఏమిటో ఈపాటికి అర్థమై ఉంటుంది. ఆ రోజుల్లో కంప్యూటర్ మీద తెలుగంటే ఒక వేషం. ఫైల్లో ఉండేవి ఇంగ్లీషు అక్షరాల అంకెలే. ఫాంటు మాత్రం ఒక్కో అంకెకి ఒక్కో తెలుగు ముక్క గీసి చూపించేది. అక్షరం కాదు, ముక్క. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, వత్తు ఒక ముక్క. 'వ'కి తోక తగిలిస్తే 'మ'. ఏ అంకెకి ఏ ముక్క అన్నది ఫాంటు చేసినవాళ్ళ ఇష్టం. ఒక పేపరు ఫాంటుకీ ఇంకో పేపరు ఫాంటుకీ పొత్తు కుదరదు. వెతకడానికి లేదు, అకారాది క్రమంలో పేర్చడానికి లేదు, ఒకచోట కాపీ కొట్టి ఇంకోచోట అతికిస్తే గోవిందా!

అక్కడినించి, ఇవాళ మనం ఫోన్లో తెలుగులో వెతికి తెలుగులో తిట్టుకునే దాకా ఎలా వచ్చాం? కంపెనీల పాత్ర లేదని అనను. విండోస్ ఎక్స్‌పీతో 2001లో గౌతమి ఫాంటు వచ్చింది, అది చాలా పెద్ద సంగతే. కానీ నేను ఈ చరిత్రని ఎటునించి తవ్వినా మళ్ళీ మళ్ళీ తగిలేది, తమ పని అయిపోయాక రాత్రిపూట కూర్చున్న మనుషులే.

మొదటి కట్ట అమెరికాలో, హ్యూస్టన్‌లో పడింది. రైస్ యూనివర్సిటీలో ఉన్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గార్లు ఇంగ్లీషు కీబోర్డుతో తెలుగు రాయడానికి ఒక పద్ధతి కట్టారు. యూనివర్సిటీ పేరు మీదే అది ఆర్.టీ.ఎస్. అయింది. చిన్న 'టీ' కొడితే త, పెద్ద 'టీ' కొడితే ట. 1990లలో యూజ్‌నెట్‌లో తెలుగువాళ్ళు ఛందస్సు గురించీ ఆవకాయ గురించీ కొట్టుకున్నదంతా ఇందులోనే. దాన్ని కాగితం మీద మన లిపిలో అచ్చు వేసుకోడానికి 'రిట్' అని ఒక ప్రోగ్రాము. దాని వెనకాల ముక్కవిల్లి లక్ష్మి, లక్ష్మణ్‌కుమార్ గార్లు టెక్ కోసం చేసిన తెలుగు ఫాంట్లు. ఎవరో ఒకరు అచ్చు కట్టారు, ఇంకొకరు దాని పక్కన కాలువ తవ్వారు. ఎవరూ ఎవరికీ జీతం ఇవ్వలేదు.

యూనికోడ్‌లో తెలుగుకి చోటు 1991లో మొదటి వెర్షన్లోనే దొరికింది. కానీ చోటు దొరకడం వేరు, జనం ఆ ఇంట్లోకి కాపురం మారడం వేరు. మారాలంటే ముందు ఫాంట్లు కావాలి. తిరుమల కృష్ణ దేశికాచారి గారు పోతన, వేమన అనే రెండు ఫాంట్లు చేసి జీపీఎల్ కింద వదిలేశారు. ఏ లినక్సు వాడైనా అడక్కుండా తన ప్యాకేజీలో చేర్చుకోవచ్చు. చేర్చుకున్నారు కూడా.

అయినా పేపర్లు కదల్లేదు. అవి పాత ఫాంట్లలోనే ఉన్నాయి. ఇక్కడే నాకు బాగా ఇష్టమైన మనిషి వస్తారు. నాగార్జున వెన్నా గారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలవడానికి కారకులు కూడా ఆయనే. ఆయన చేసిన 'పద్మ' అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు మీలో ఎంతమందికి గుర్తుందో! దాన్ని పెట్టుకుంటే, పేపరు వాళ్ళు తమ ఫాంటులో ఇచ్చిన పేజీ మన ముందుకొచ్చేసరికి యూనికోడ్ అయిపోయేది. చదవడం, వెతకడం, కాపీ కొట్టడం అన్నీ అయ్యేవి. తెలుగుతో ఆగలేదు. మలయాళం, తమిళం, దేవనాగరి, గుజరాతీ, బెంగాలీ, గురుముఖి దాకా వెళ్ళింది.

అందులో నన్ను కట్టిపడేసింది వేరే సంగతి. యూనికోడ్ అన్నిచోట్లా వచ్చేదాకా మధ్యలో వంతెనగా ఉండటమే పద్మ లక్ష్యం. అంటే దాన్ని కట్టేటప్పుడే, ఇది ఎవరికీ అక్కర్లేని రోజు రావాలని కోరుకుంటూ కట్టారు. మనం సర్వీసులో రాసే కోడ్‌కి ఎవరైనా అలాంటి లక్ష్యం పెట్టుకుంటారా? :-)

ఒక ఫాంటుకి పట్టిక కట్టడం ఏపాటి పనో నాకు చిన్నాయన ఫైలుకి కట్టినప్పుడు గానీ తెలిసి రాలేదు. ఆయన వాడిన ఫాంటుకి నాకు దొరికిన పరికరాలేవీ సరిగ్గా పనిచెయ్యలేదు. పద్మ కోడ్ తెరిచి, అది ఎలా ఆలోచిస్తుందో చదివి, అదే దారిలో నేను మొదలెట్టాను. రెండువందల దాకా అంకెలు. ఒక్కొక్కటీ ఏ ముక్కో చూసి రాసుకోవాలి. ఒకే వత్తుకి రెండు మూడు ముక్కలుంటాయి, సన్న అక్షరం కింద ఒకటి, వెడల్పు అక్షరం కింద ఒకటి. ఐత్వం పైన ఒక ముక్క, కింద ఒక ముక్క. రావత్తు అయితే అక్షరం కన్నా ముందే వచ్చి కూర్చుంటుంది, దాన్ని పట్టుకుని అక్షరం వచ్చేదాకా ఆపి, వెనక్కి పంపాలి. ఇందులో తెలివితేటలు చూపించే చోటు చాలా తక్కువ. ఓపిక. నాకు పదకొండు రాత్రులు పట్టింది, ఒక్క ఫాంటుకి! అలాంటివి పద్మలో వరసగా ఉన్నాయి.

పైగా కట్టేస్తే అయిపోయేది కాదు. పేపరు వాళ్ళు ఫాంటులో ఒక్క ముక్క అటూ ఇటూ మారిస్తే మళ్ళీ పట్టిక దిద్దాలి. ఫైర్‌ఫాక్స్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా పొడిగింపుని దానికి సరిపెట్టాలి. చదివేవాడికి అది కనబడదు. పొద్దున్నే పేపరు తెరిస్తే తెలుగు కనిపించింది, అంతే. కనిపించని రోజు మాత్రం మెయిలు పెడతాడు.

పద్మ ఓపెన్ సోర్సు కాబట్టే 2006లో వీవెన్ గారు అందులోని కోడ్ తీసుకుని లేఖిని కట్టగలిగారు. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగు. ఆ ఇంగ్లీషు అక్షరాల వరస ఎక్కడిది? హ్యూస్టన్‌లో పుట్టిన ఆ ఆర్.టీ.ఎస్. దారే. ఎవరో పాతికేళ్ళ కుర్రాడు 2007లో హాస్టల్ గదిలో మొదటిసారి తెలుగులో నాలుగు వాక్యాలు రాసి కళ్ళు చెమర్చుకున్నాడంటే (నేనే లెండి), వాడి వెనక ఇంత గొలుసు ఉంది. స్వేచ్ఛ వాళ్ళు లినక్సుని తెలుగు చెయ్యడం, తర్వాత 2010లలో మండలి, రామభద్ర, పెద్దన లాంటి ఫాంట్లు ఓపెన్ లైసెన్సుతో రావడం, అవన్నీ ఇదే గొలుసులో తర్వాతి కడియాలు. ఒక్కోదాని గురించీ విడిగా రాయాలి.

2017 నవంబరు 14న ఫైర్‌ఫాక్స్ 57 వచ్చింది. పాత తరహా పొడిగింపులన్నీ ఆ రోజుతో ఆగిపోయాయి. పద్మ తరం అంతటికీ అది ఆఖరు. దాన్ని ఉంచిన మాజ్‌డెవ్ కూడా ఆ తర్వాత మూతబడింది. అప్పటికి వంతెన పని చాలావరకు అయిపోయింది కాబట్టి ఎవరూ గొడవ చెయ్యలేదు. పాత ఫైళ్ళున్న మా చిన్నాయన లాంటివాళ్ళు తప్ప.

సరే, చెరువు దగ్గరికొద్దాం.

పట్టిక పనిచేసి నూట నలభై పేజీలూ తెలుగయ్యాక చిన్నాయనకి పంపించాను. రెండో రోజు ఫోను. "అబ్బోడా, తూము అని ఉండాల్సిన చోటంతా తూవు అని వస్తా ఉంది." మ, వు! ఆ తోక ముక్కే. చెరువుల పుస్తకంలో తూము తప్పు పోతే ఇంక ఏముంది! దిద్ది పంపాను. ఇంకో రెండు రోజులకి మళ్ళీ ఫోను. నా సర్వీసు మొత్తం మీద ఆయనంత మంచి టెస్టర్ని చూళ్ళేదు. పేజీ, పంక్తి, ఎన్నో మాట, అన్నీ చెప్తాడు. అలా ఐదారుసార్లయ్యాక అడిగాడు, "దీనికి నీకేమిస్తారు?" ఏమీ ఇయ్యరు చిన్నాయనా అన్నాను. "అయితే దశబంధం లేదన్నమాట" అన్నాడు.

ఆయన పుస్తకంలో పెద్ద అధ్యాయం అదే. నేను సాఫ్టువేరు సరిచెయ్యడంలో పడి చదవనే లేదు! అప్పుడు చదివాను.

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. రోజుకి వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ళు. ఆ శాసనంలో మంచి చెరువుకి కావలసినవి పన్నెండు రాశారు. ధర్మం, డబ్బు, కీర్తి మీద ఆశ ఉన్న రాజు (ఆశ అని దాచకుండా రాశారు చూడండి), జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి నేల, తీపి నీళ్ళ ఏరు, దగ్గర్లో రాళ్ళ గని, పనితెలిసిన కట్టుబడి మనుషులు, ఇలా. తర్వాత ఆరు దోషాలు. కట్ట కారడం, చవిటి నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం, చెరువు మధ్యలో మెరక, నీళ్ళు తక్కువై సాగు నేల ఎక్కువ కావడం, నీళ్ళు ఎక్కువై నేల తక్కువ కావడం.

సాఫ్టువేరు వాడు ఇది చదివి ఊరుకోలేడు. నీళ్ళు తక్కువ, ఆయకట్టు ఎక్కువ: ఒక్క మెయింటెయినరు, లక్షల డౌన్లోడ్లు. రెండు రాజ్యాల పొలిమేర: ఇటు పేపరు వాళ్ళ ఫాంటు, అటు బ్రౌజరు, మధ్యలో పద్మ. (కర్ణాటక పొలిమేరలో ఉన్న మా పీటీయం వాళ్ళకి ఆ దోషం మరీ బాగా అర్థమవుతుంది.)

కానీ నన్ను ఆపేసింది ఇంకొకటి. ఆ పన్నెండింట్లో మరమ్మతు చేసేవాడు లేడు. కట్టడానికి కావలసినవాళ్ళంతా ఉన్నారు, కట్టాక చూసుకునేవాడు లేడు. శాసనం కట్టించినవాడిది, కీర్తి ఆయనది.

చూసుకునేవాడి లెక్క ఊళ్ళలో వేరేగా నడిచింది. అదే దశబంధం. చెరువు కట్టినవాడికో, మరమ్మతు బాధ్యత తీసుకున్నవాడికో ఆ చెరువు కింద పండే దాంట్లో ఒక వంతు, లేదా ఆ మేరకి మాన్యం. పేరుకి పదో వంతు, నిజానికి ఊరిని బట్టి ఎక్కువా తక్కువా ఉండేది. మా పక్క కన్నడం వాళ్ళకి ఇలాంటిదే కట్టుకొడగె. తర్వాత కంపెనీ దొరలొచ్చి, ఇంగ్లీషు ప్రభుత్వమొచ్చి ఇనాములన్నీ లెక్కగట్టినప్పుడు దశబంధాన్ని ఒక షరతు మీద ఒప్పుకున్నారు. చెరువు బాగుచేస్తున్నంత కాలమే ఇనాం, మానేస్తే వెనక్కి. ఇక రోజువారీ తూములు తెరిచి మూసి నీళ్ళు పంచే నీరుగట్టుకి పంటలో మేర వేరే. మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె ఉంది కదా, ఇప్పుడంతా పట్టు మగ్గాలు. ఆ పేరు చూసినప్పుడల్లా నాకు ఇప్పుడు ఈ సంగతే గుర్తొస్తుంది.

దీన్ని రామరాజ్యంగా చూపించే ఉద్దేశం నాకు లేదు. మాన్యం ఎవరి చేతిలో ఉండేది, కట్ట మీద మట్టి ఎవరు మోసేవాళ్ళు అన్నది కులాన్ని బట్టే ఉండేది. ఊరంతా కలిసి చేసే పనిని కుడిమరామత్తు అనేవాళ్ళు. అది సరిగ్గా జరగట్లేదని 1858లో మద్రాసు ప్రభుత్వం ఏకంగా నిర్బంధ శ్రమ చట్టమే చేసింది. ప్రేమతో చేసే పనిని చట్టంతో చేయిద్దామనుకున్నారు! చెరువులు పూడిపోవడం దాంతో ఆగలేదు.

ఇప్పుడు మన సంగతి. 2014లో హార్ట్‌బ్లీడ్ బయటపడ్డప్పుడు గుర్తుందా? ప్రపంచంలో సగం సైట్ల తాళం అనదగ్గ ఓపెన్ ఎస్ఎస్ఎల్‌కి ఏడాదికి వచ్చే విరాళాలు రెండు వేల డాలర్ల దగ్గర ఉండేవని అప్పుడు తెలిసింది. పదేళ్ళు తిరిగాయి. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్. లాసె కాలిన్ అనే ఆయన ఏళ్ళ తరబడి ఒక్కడే చూసుకుంటున్న చిన్న కంప్రెషన్ లైబ్రరీ. 2022లో కొందరు ఆయన మీద పడ్డారు, ప్యాచ్‌లు ఎందుకు చూడట్లేదు, చేతకాకపోతే ఇంకొకరికి ఇచ్చెయ్యొచ్చు గదా అని. తన ఆరోగ్యం బాగాలేదనీ, ఇది జీతం లేని పని అనీ ఆయన రాశాడు. చివరికి సాయం చేస్తున్నట్టు నటించినవాడికి తాళాలు అందాయి, వాడు దొంగదారి పెట్టాడు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వబట్టి బయటపడింది గానీ లేకపోతే మన సర్వర్లు ఎన్ని మునిగేవో. కట్టకి గండి కొట్టడానికి వాడు వెతికింది కోడ్‌లో బలహీనత కాదు, అలసిపోయిన నీరుగట్టుని.

ఇలాంటప్పుడు మనవాళ్ళ నోటి నించి వచ్చే మాట 'పాషన్'. "అబ్బ, ఏం పాషన్ అండీ!" నాకు ఈ మాట మీద ఈమధ్య అనుమానం పెరుగుతోంది. ఇష్టం ఉండాలి, నిజమే. ఇష్టం లేకపోతే రావత్తు కోసం పదకొండు రాత్రులు ఎవడూ కూర్చోడు. కానీ ఇష్టం కట్ట పోయడానికి సరిపోతుంది. ఇరవై ఏళ్ళు పూడిక తియ్యడానికి ఇష్టం ఒక్కటీ చాలదు. అవతలివాడి ఇష్టాన్ని మనం ఎంత ఎక్కువ పొగిడితే మన జేబు అంత భద్రంగా ఉంటుంది, అదీ అసలు సంగతి.

మా వైపే ఇంకో ఉదాహరణ ఉంది. 2002లో హెచ్‌పీ కంపెనీ కుప్పంలో ఐ-కమ్యూనిటీ అని పెద్ద కార్యక్రమం మొదలెట్టింది. ఊళ్ళలో కంప్యూటర్ సెంటర్లు, ఆడవాళ్ళకి సోలార్ ప్రింటర్లతో ఫోటో స్టూడియోలు. డబ్బుకి కొదవలేదు. గడువు మూడేళ్ళు. కుప్పం పేరు అప్పుడు ఎన్ని మేనేజ్‌మెంటు వ్యాసాల్లోకి ఎక్కిందో! అటు డబ్బుంది, గడువుంది. ఇటు పద్మకి డబ్బూ లేదు, గడువూ లేదు. నా మట్టుకు నాకు కావలసింది మధ్యలోది. కొంచెం డబ్బు, చాలా ఏళ్ళు.

అలాంటిది అసలు లేదనుకున్నాను గానీ, 2024 అక్టోబరులో బెంగుళూరులోని జెరోధా వాళ్ళు ఫ్లాస్ ఫండ్ అని మొదలెట్టారు. ఏడాదికి పది లక్షల డాలర్లు, ప్రపంచంలో ఎక్కడి ఓపెన్ సోర్సు ప్రాజెక్టుకైనా. తాము ఆ నీళ్ళతోనే పండించుకున్నామని ఒప్పుకుని ఇస్తున్న వంతు. చిన్నాయనకి చెప్తే, "పదో వంతేనా?" అని అడిగాడు. లెక్క నాకు తెలీదు చిన్నాయనా అన్నాను. మనం పనిచేసే కంపెనీల్లో ఎన్ని ఆ ఒక్క అడుగూ వేశాయో మీకే తెలుసు.

ఇంత మాట్లాడాక నా భాగోతం కూడా చెప్పాలి. చిన్నాయన ఫాంటు పట్టికని నేను 2019లోనే అందరికీ పనికొస్తుందని ఓపెన్ సోర్సుగా పెట్టాను. ఆఫీసులో నలుగురికి గొప్పగా చూపించాను. ఆయన పుస్తకం అయిపోయింది. నా సరదా తీరింది. ఆ తర్వాత ముగ్గురు అడిగారు. ఒకాయన తాత హరికథలు టైపు చేసిపెట్టుకున్నారట, అందులో కొన్ని అక్షరాలు రావట్లేదు. ఇంకొకరు ఒక చిన్న పత్రిక పాత సంచికలు తెరవాలట. మూడో ఆయన సంగతి ఏమీ చెప్పలేదు, పనిచెయ్యట్లేదు అన్నాడంతే. ముగ్గురికీ నేను జవాబివ్వలేదు. రిలీజులు, పిల్లాడి స్కూలు, ఏవో ఒకటి. రెండేళ్ళు అలా పడి ఉన్నాయి.

చిన్నాయన చెరువుల్లో ఒక అలవాటు రాశాడు. ఎండాకాలం చెరువు ఎండినప్పుడు రైతులు బండ్లు కట్టుకొచ్చి ఒండ్రు తోలుకెళ్ళి తమ పొలాల్లో వేసుకునేవాళ్ళు. పొలానికి ఎరువు, చెరువుకి పూడికతీత. ఎవరి స్వార్థం వాళ్ళది, రెండు పనులూ అయ్యేవి. అది చదివాక హరికథల ఆయనకి రాశాను. ఆలస్యానికి క్షమించమని, ఫైలు పంపితే చూస్తానని, మీ తాతగారి ఫైలు నాకూ కావాలని. నిజంగానే కావాలి. చిన్నాయన రాసింది వాడుక భాష, అందులో రాని అక్షరాలకి నేను పట్టికే కట్టలేదు. హరికథలో అవన్నీ ఉంటాయి.

ఆయన అదే రోజు పంపించాడు, ఒక్క మాట కూడా నిష్ఠూరం ఆడకుండా. మొన్న రాత్రి పన్నెండు దాటాక 'ఋ' వచ్చింది. 'ఝ' ఇంకా రావట్లేదు, మూడు ముక్కలుగా విరిగి ఉంది. ఆదివారం చూడాలి.